హోం థియేటర్ కొంటున్నారా? వాట్లు కాదు, మాట వినబడుతోందా చూడండి

కొన్నేళ్ల కిందటి మాట. జిద్దాలో పనిచేసే మా తమ్ముడు సెలవు మీద వచ్చాడు. "ఈసారి ఇంట్లో మంచి హోం థియేటర్ పెట్టాల్సిందే" అన్నాడు. ఇద్దరం వెళ్లి కొనుక్కొచ్చాం. ఐదు చిన్న స్పీకర్లు, ఒక పెద్ద డబ్బా, పెట్టె మీద వేల వాట్ల అంకె. ఆ అంకె చూసే కొన్నామని చెప్పాలి.

ఆ రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని సినిమా పెట్టుకున్నాం. ఫైట్ వచ్చినప్పుడు అల్మారాలో గ్లాసులు గలగలమన్నాయి. ఫైట్ అయిపోయి మనుషులు మాట్లాడుకునే సీన్ రాగానే దాదీమా, "ఏమంటున్నాడు బేటా?" అని అడగడం మొదలుపెట్టింది. సౌండ్ పెంచితే తర్వాతి పాటకు పక్కింటివాళ్లు లేస్తారు, తగ్గిస్తే మాట వినబడదు. సినిమా అంతా రిమోట్ చేతిలోనే ఉంది. ఆరు నెలలు తిరిగేసరికి వెనక స్పీకర్ల తీగలు చీపురుకు తగిలి తెగాయి. స్పీకర్లు అల్మారా పైకెక్కాయి. తమ్ముడు కష్టపడి కూడబెట్టిన డబ్బు దుమ్ము పట్టింది.

తప్పు షాపువాడిది కాదు, మాదే. ఏం అడగాలో తెలియకుండా వెళ్లాం. ఇలాంటి కథ చాలా ఇళ్లలో ఉంది. అందుకే కొనే ముందు ఏం చూడాలి, ఏ వరసలో చూడాలి అన్నది ఇక్కడ వివరంగా చెప్పుకుందాం.

మొదట గది, తర్వాతే సామాను

షాపుకు వెళ్లే ముందు టేపు తీసుకుని హాలు కొలవండి. పొడవు, వెడల్పు, టీవీ పెట్టే గోడ నుంచి మీరు కూర్చునే చోటికి ఉన్న దూరం రాసిపెట్టుకోండి. టీవీ సైజు తేల్చేది ఆ దూరమే.

4కే టీవీకి ఒక సులువైన లెక్క ఉంది. టీవీ ఎన్ని అంగుళాలో ఆ అంకెను 1.2తో, 1.6తో గుణించండి. ఆ రెండింటి మధ్య దూరంలో కూర్చుంటే సినిమా హాయిగా కనిపిస్తుంది. అంటే 43 అంగుళాలకు సుమారు నాలుగున్నర నుంచి ఆరు అడుగులు, 55 అంగుళాలకు ఐదున్నర నుంచి ఏడున్నర అడుగులు, 65 అంగుళాలకు ఆరున్నర నుంచి తొమ్మిది అడుగుల లోపు. పది అడుగుల వెడల్పున్న హాల్లో సోఫా గోడకు ఆనించి ఉంటే, కూర్చున్నవాళ్ల కళ్లకూ టీవీకీ మధ్య మిగిలేది ఏడెనిమిది అడుగులే. అక్కడ 55 సరిగ్గా సరిపోతుంది. 75 అంగుళాలది ఆఫర్‌లో వస్తోందని తెచ్చుకుంటే, ఆ దూరానికి అది కొందరికి మరీ పెద్దగా అనిపించవచ్చు.

ఎత్తు కూడా చూసుకోవాలి. మన ఇళ్లలో అందరూ సోఫా మీదే కూర్చోరు. పిల్లలు, ఆడవాళ్లు కింద చాప పరుచుకుని కూర్చునే ఇళ్లు ఎన్నో. టీవీని గోడకు ఫోటో ఫ్రేములా పైన బిగిస్తే కింద కూర్చున్నవాళ్లకు మెడ నొప్పి ఖాయం. ఎక్కువమంది ఎక్కడ కూర్చుంటారో అక్కడ మీరూ కూర్చుని, కంటికి ఎదురుగా గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. టీవీ మధ్యభాగం ఆ గీతకు దగ్గర్లో ఉండాలి. ముందు స్పీకర్లు చెవి ఎత్తుకు రావాలి.

ఇప్పుడు గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్లు కొట్టండి. ఖంగుమని మోగిందా? మన హాళ్లలో నేలకు టైల్స్, గోడలకు నున్నటి పుట్టీ, కిటికీలకు పల్చటి పరదాలు. శబ్దం గోడలకు తగిలి తిరిగొచ్చి మాట మీద మాట పడుతుంది. మాట స్పష్టంగా వినబడకపోవడానికి సగం కారణం ఇదే. ఎంత ఖరీదైన స్పీకర్ తెచ్చినా ఈ మోత తగ్గదు. టీవీకీ సోఫాకూ మధ్య ఒక మందపాటి కాలీన్, బరువైన పరదాలు, గుడ్డతో కుట్టిన సోఫా, వెనక గోడకు పుస్తకాల అల్మారా ఉంటే చాలు, తేడా మీకే తెలుస్తుంది. అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యే పని ఇదే.

2.1, 5.1 అంటే ఏమిటి?

చుక్కకు ముందున్న అంకె మామూలు స్పీకర్ల సంఖ్య. చుక్క తర్వాతది సబ్‌వూఫర్, అంటే 'దుమ్' అనే లోతైన శబ్దాలు ఇచ్చే పెద్ద డబ్బా. 2.1 అంటే కుడి, ఎడమ స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. 5.1 అంటే ముందు కుడి, ఎడమ, మధ్య, వెనక వైపు రెండు, వాటికి తోడు సబ్‌వూఫర్. 5.1.2 అని మూడో అంకె ఉంటే, పైనుంచి శబ్దం వచ్చినట్టు అనిపించే స్పీకర్లు ఇంకో రెండు ఉన్నాయని అర్థం. 2012లో సినిమా హాళ్లకు వచ్చిన డాల్బీ అట్మాస్ పద్ధతి కోసం పెట్టేవి ఇవి.

వీటిలో అసలైనది మధ్య స్పీకర్. దీన్నే సెంటర్ అంటారు. 5.1లో తయారైన సినిమాలో మాటల్లో చాలా భాగం దీని గుండానే వస్తుంది. వెనక స్పీకర్లలో వచ్చేది వానచప్పుడు, జనం గోల, హెలికాప్టర్ లాంటివి. అవి వినబడకపోయినా కథ అర్థమవుతుంది. మాట వినబడకపోతే మాత్రం సినిమానే లేదు.

మరి టీవీలో మాట ఎందుకు అణిగిపోతుంది? పల్చటి టీవీల్లో స్పీకర్లు చిన్నవి, పైగా కిందికో వెనక్కో చూస్తూ ఉంటాయి. శబ్దం గోడకు కొట్టుకుని మన దగ్గరికి వస్తుంది. పెద్ద హాలు కోసం కలిపిన సినిమా శబ్దంలో గుసగుసకూ పేలుడుకూ చాలా తేడా ఉంటుంది. వయసు పైబడినవాళ్లకు ముందుగా తగ్గేది సన్నని శబ్దాలు వినే శక్తి. స, ష, త, ఫ లాంటి అక్షరాలు తెలిసేది ఆ శబ్దాల వల్లే. అందుకే దాదీమాలు "వినబడుతోంది కానీ అర్థం కావట్లేదు" అంటారు. వాళ్లకు కావలసింది పెద్ద సౌండ్ కాదు, స్పష్టమైన సౌండ్.

కాబట్టి డబ్బు తక్కువగా ఉంటే ఐదు నాసిరకం స్పీకర్ల కన్నా ముందువైపు మూడు మంచి స్పీకర్లు మేలు. ఇది ఈ వ్యాసంలో అన్నిటికన్నా గుర్తుంచుకోవలసిన మాట.

వాట్ల లెక్కలో మోసపోవద్దు

పెట్టె మీద వేల వాట్లని ఉంటే, దాని పక్కన 'పీఎంపీఓ' అని చిన్న అక్షరాల్లో ఉందేమో చూడండి. కన్నుమూసి తెరిచే లోపు ఎంత శక్తి రావచ్చో ఊహించి వేసే అంకె అది. దానికి అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు, ఎవరికి తోచింది వాళ్లు వేసుకుంటారు. మీరు అడగాల్సింది 'ఆర్‌ఎంఎస్' వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగలిగే శక్తి.

ఇంకో విషయం. వాట్లు రెట్టింపయితే శబ్దం రెట్టింపు కాదు. 50 వాట్ల నుంచి 100కు వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి కొంచెం ఎక్కువ అనిపిస్తుంది అంతే. రెట్టింపు పెద్దగా వినబడాలంటే దాదాపు పది రెట్లు శక్తి కావాలి. మామూలు స్పీకర్‌తో ఇంటి హాల్లో హాయిగా వినే మాటలకు ఒకటి రెండు వాట్లు కూడా చాలు. ఒక్కసారిగా పేలే శబ్దాలకు కొన్ని పదుల వాట్లు పడతాయి. ఒక్కో స్పీకర్‌కు నిజమైన 50 వాట్లు ఇచ్చే ఆంప్లిఫయర్ ఉంటే పది పన్నెండు అడుగుల గదికి బాగానే సరిపోతుంది.

స్పీకర్ వెనక ఓమ్స్ అని ఒక అంకె ఉంటుంది. 4, 6, 8 ఇలా. ఆంప్లిఫయర్ మీద ఎంత రాసి ఉందో దానికన్నా తక్కువ ఓమ్స్ ఉన్న స్పీకర్ తగిలిస్తే ఆంప్లిఫయర్ వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. విడివిడిగా కొనేవాళ్లు ఇది తప్పకుండా సరిచూసుకోవాలి.

మూడు దారులు, మీకు ఏది?

ఒకటి, సౌండ్‌బార్. టీవీ కింద పెట్టే పొడవాటి పట్టీ. తీగల గోల తక్కువ, అద్దె ఇంటివాళ్లకు మంచిది, ఇల్లు మారినా చంకలో పెట్టుకుని పోవచ్చు. కొనేటప్పుడు '3.1' ఉన్నది అడగండి, అందులో మాటకు వేరే స్పీకర్ ఉంటుంది. 2.1 బార్‌లో అది ఉండదు. మాటల్ని పైకి తెచ్చే బటన్ ఉందా అన్నది కూడా చూడండి.

రెండు, అన్నీ ఒకే పెట్టెలో వచ్చే సెట్టు. మేము కొన్నది ఇదే. చూడటానికి చవక. చిక్కేమిటంటే, చాలా సెట్లలో స్పీకర్ల పిన్నులు ఆ కంపెనీకి మాత్రమే సరిపోతాయి. అసలు యూనిట్ చెడిపోతే మంచిగా ఉన్న స్పీకర్లు కూడా పక్కన పడేయాల్సిందే.

మూడు, ఏవీ రిసీవర్, విడి స్పీకర్లు. ఖర్చు ఎక్కువ, జాగా ఎక్కువ, తీగలు ఎక్కువ. కానీ దేనికది మార్చుకోవచ్చు. మంచి స్పీకర్లు పదిహేను ఇరవై ఏళ్లు నిలుస్తాయి. పైగా ముక్కలు ముక్కలుగా కొనుక్కోవచ్చు. ఈ ఏడాది రిసీవర్, ముందు మూడు స్పీకర్లు. వచ్చే ఏడాది సబ్‌వూఫర్. ఆ తర్వాత కుదిరితే వెనక రెండు. సొంతిల్లు ఉండి, సినిమాలంటే ప్రేమ ఉన్నవాళ్లకు ఇదే సరైన దారి.

ప్రొజెక్టర్ సంగతి కూడా అడుగుతారు. పగలు వెలుతురు వచ్చే హాల్లో, పిల్లలు చదువుకుంటూ లైటు వేసి ఉంచే హాల్లో చవక ప్రొజెక్టర్ బొమ్మ వెలిసిపోతుంది. గది చీకటి చేయగలిగితేనే ఆలోచించండి. అప్పుడు కూడా పెట్టె మీది లూమెన్స్ అంకె కాదు, 'ఏఎన్‌ఎస్‌ఐ లూమెన్స్' ఎంతో అడగండి.

ఒక్క తీగ విషయంలో జాగ్రత్త

టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టులు మూడు నాలుగు ఉంటాయి. వాటిలో ఒకదాని పక్కన 'ఏఆర్‌సీ' లేదా 'ఈఏఆర్‌సీ' అని రాసి ఉంటుంది. సౌండ్‌బార్ అయినా రిసీవర్ అయినా దానికే తగిలించాలి. అప్పుడు టీవీలోని యాప్‌ల శబ్దం కూడా అదే తీగ మీద వెనక్కి వస్తుంది, ఒక్క రిమోట్‌తో సౌండ్ పెంచుకోవచ్చు. వేరే పోర్టుకు పెట్టి "సౌండ్ రావట్లేదు" అని షాపుకు పరుగెత్తేవాళ్లు చాలామంది. ఏఆర్‌సీ 2009లోనే వచ్చింది కాబట్టి మరీ పాతది కాని టీవీల్లో ఉండే అవకాశం ఎక్కువ. ఈఏఆర్‌సీ దానికన్నా కొత్తది, ఎక్కువ నాణ్యత ఉన్న శబ్దాన్ని మోస్తుంది.

ఆప్టికల్ తీగతో 5.1 వరకు వస్తుంది కానీ అట్మాస్ రాదు. బ్లూటూత్‌తో సినిమా చూడొద్దు. పెదవులు ముందు కదిలి మాట తర్వాత వస్తుంది.

స్పీకర్ తీగ మామూలు ఇంటికి 16 గేజ్ రాగిది చాలు. అల్యూమినియం మీద రాగి పూత వేసినవి కూడా అమ్ముతారు, అడిగి కొనండి. ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు కలపాలి. ఒక స్పీకర్‌కు తారుమారైతే లోతు శబ్దం మాయమై అంతా డొల్లగా వినబడుతుంది. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ప్లాస్టరింగ్‌కు ముందే టీవీ గోడ నుంచి సోఫా వెనక్కి ఒక పైపు వేయించుకోండి. చీపురు భయం ఉండదు.

గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి తెస్తున్నారా?

మన ఇళ్లలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. "భాయ్ వస్తున్నాడు, అక్కడి నుంచే తెప్పిద్దాం" అంటాం. తెప్పించే ముందు ఆ వస్తువు వెనక చీటీ ఫోటో తీసి పంపమనండి. '100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్' అని ఉంటే ఇక్కడ నడుస్తుంది. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో 120 వోల్టులు. అక్కడి రిసీవర్ నేరుగా మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. సౌదీలో కరెంటు 60 హెర్ట్జ్, పాత ఇళ్లలో 127 వోల్టులు ఉండేది, కాబట్టి అక్కడి పాత సామాను విషయంలో మరింత జాగ్రత్త. దుబాయ్ కరెంటు మన లాంటిదే, ప్లగ్గు మాత్రమే వేరు.

రెండో విషయం వారంటీ. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది. ఇక్కడ చెడిపోతే బాగుచేయించే ఖర్చు మీదే. కస్టమ్స్ సుంకం ఎంత పడుతుందో కూడా ముందే తెలుసుకుని కలుపుకోండి. అన్నీ కలిపితే ఇక్కడ కొన్నదే చవక అని తేలవచ్చు. ఇక్కడ కూడా 32 అంగుళాల కన్నా పెద్ద టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది.

'నో కాస్ట్ ఈఎంఐ'లో వడ్డీ లేదా?

షాపులో అందరూ చెప్పే మాట ఇది. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు "వడ్డీ లేదు కదా" అని ఒప్పుకుంటాయి. అసలు జరిగేది వేరు. చాలా పథకాల్లో బ్యాంకు వడ్డీ లెక్క కడుతుంది. ఆ మొత్తాన్ని షాపువాడో కంపెనీవాడో ధరలో తగ్గింపుగా చూపిస్తాడు. క్రెడిట్ కార్డు మీద అయితే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మన బిల్లులోనే పడుతుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరే. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు రాసింది.

అందుకే ఒకటే ప్రశ్న అడగండి: "మొత్తం నగదు ఇస్తే ఎంతకిస్తారు?" ధర తగ్గితే ఆ తగ్గిందే వడ్డీ. అలాంటప్పుడు మూడో దారి, అంటే ముక్కలు ముక్కలుగా నగదుకు కొనడం, జేబుకూ మనసుకూ హాయి.

షాపులో ఏం పరీక్షించాలి?

మీకు బాగా తెలిసిన సినిమాలో ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సీన్ పెట్టించండి. షాపువాడు పెట్టే పేలుళ్ల డెమో ఆపేయమనండి. వాల్యూమ్ ఇంట్లో పెట్టుకునేంతే పెట్టి, కళ్లు మూసుకుని వినండి. ప్రతి మాటా అందుతోందా? ఇంట్లో పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి. వాళ్లకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టే. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కోఠి గుజరాతీ గల్లీలో ఒకసారి తిరిగితే తీగలు, స్టాండ్లు, విడి స్పీకర్లు పోల్చి చూసుకోవచ్చు. ఎక్కడ కొన్నా సీరియల్ నంబర్ వేసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి. అది లేకపోతే వారంటీ చెప్పుకోవడం కష్టం.

ఇంటికొచ్చాక ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. లేకపోతే స్పీకర్లో 'జ్‌జ్' అనే మోత రావచ్చు. రిసీవర్ పైన గుడ్డ కప్పొద్దు, చుట్టూ గాలి ఆడాలి. ఉరుములు మెరుపులు మొదలైతే ప్లగ్గు, కేబుల్ టీవీ తీగ రెండూ పీకేయండి.

సబ్‌వూఫర్, పక్కింటి గోడ

లోతు శబ్దం గోడలను దాటి పోతుంది. మన హాల్లో మెల్లగా అనిపించే 'దుమ్' కింది అంతస్తులో జబ్బుపడి పడుకున్న మనిషి మంచం దగ్గర వినబడుతుంది. పరీక్షలకు చదివే పిల్లల గదిలో వినబడుతుంది. శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ హద్దు.

సబ్‌వూఫర్‌ను మూలలో, పక్కింటివాళ్ల గోడకు ఆనించి పెట్టొద్దు. మూలలో శబ్దం ఎక్కువై గుడగుడలాడుతుంది. కింద మందపాటి రబ్బరు ముక్క వేయండి. మంచి చోటు వెతకడానికి ఒక చిట్కా ఉంది. డబ్బాను మీరు కూర్చునే చోట పెట్టి పాట వేసి, గదంతా తిరుగుతూ వినండి. ఎక్కడ శుభ్రంగా, సమానంగా వినబడితే డబ్బాను అక్కడికి మార్చండి. రాత్రిపూట 'నైట్ మోడ్' వేసుకోండి. పెద్ద శబ్దాలు తగ్గి మాటలు పైకొస్తాయి.

ఇంట్లోవాళ్ల చెవులు కూడా చూసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటల వరకు పర్వాలేదు. పిల్లలకు 75కు మించకూడదు.

చివరిగా మా ఇంటి మాట

ఆ పాత సెట్టు పోయాక చాన్నాళ్లు ఏమీ కొనలేదు. తర్వాత మొదట హాల్లో కాలీన్ వేశాం, మందపు పరదాలు కట్టాం. కొన్ని నెలలకు రిసీవర్, ముందు మూడు స్పీకర్లు నగదుకు తెచ్చుకున్నాం. సెట్టింగ్స్‌లో మధ్య స్పీకర్‌ను మిగతావాటి కన్నా 3 డెసిబెల్స్ పెంచాం. వెనక స్పీకర్లు ఇప్పటికీ లేవు. పెట్టె మీద రాసుకోవడానికి వేల వాట్లు అసలే లేవు.

కానీ ఇప్పుడు సినిమా నడుస్తుంటే దాదీమా ఏమీ అడగదు. పైగా మేము మధ్యలో మాట్లాడుకుంటే, "చుప్ ఉండండిరా, వినబడనివ్వండి" అని మమ్మల్నే కసురుతుంది.